కూ అని కొడితే

తార్తులో, కార్లొవా పేటలో, మూడంతస్తుల చెక్కమెట్లెక్కి
కోటు మీది మంచు దులుపుకుంటుంటే
హెల్వే పిహెల్‌గాస్ తలుపు దగ్గరే అంది:
"నేనడిగేదొకటి, ఇదిచ్చేదొకటి.
చెవుడొచ్చిందేమో చూడు."

డెబ్బై తొమ్మిదేళ్ళావిడ.
వాతావరణ కేంద్రంలో ముప్ఫై మూడేళ్ళు రాత్రి డ్యూటీ.
ఆకాశం ఎలా ఉందో గంటకోసారి రాసిన చెయ్యి.
రిటైరయ్యాక ఆ కాగితాలన్నీ ఒక్కతే కూచుని టైపు చేసింది,
రాత్రికొక ఫైలు, ఎనిమిదివేల చిల్లర.

వెతుకు పెట్టెలో మూడు మీటలు నొక్కింది. కూ.
మా భాషలో కూ అంటే నెల.
పైన వెలిగేదీ అదే, గోడకు వేలాడేదీ అదే.

వచ్చాయి ఫలితాలు.
పింఛను చీటీలు, నెలనెలా.
కరెంటు బిల్లులు, నెలనెలా.
కూస్క్, అంటే స్ప్రూస్ చెట్టు: క్రిస్మస్ చెట్ల ధరల పట్టిక.
కూస్ అంటే ఆరు: ఆరు గుడ్ల కేకు.
కూమ్, వేడి: బీట్‌రూట్ సూపు చేసే విధానం.
కూల్, తూటా: తమ్ముడు కాలెవ్ వేట లైసెన్సు.
నాలుగువేల రెండువందల పదహారు.
"చెవుడు కాదండీ," అన్నాను,
"సగం మాట వినగానే పరిగెత్తే అలవాటు."

మాటకి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాను.
చెట్లు పోయాయి, తూటా పోయింది, సూపు చల్లారింది.
బిల్లులు కదల్లేదు.
బిల్లులెప్పుడు కదిలాయి గనక.

లోపలి రాత వద్దు, పేర్లు చాలు అన్నాను.
ఒక్కటీ రాలేదు; ఆవిడ పెట్టిన పేర్లన్నీ తారీఖులే.
సరే, లోపలే చూడు.
బిల్లుల ఫోల్డరు వైపు వెళ్ళకు. ఉత్తరాలు ముట్టుకోకు.
కొన్ని పేర్లు ఎంత నొక్కినా తెరుచుకోవు.
మూడేళ్ళ కిందట పీకేసిన డిస్కులోవి,
పోయినవాళ్ళు ఓటర్ల జాబితాలో మిగిలినట్టు.
సూచిక మొత్తం చెరిపేసి
మళ్ళీ మొదట్నుంచి కట్టుకోమన్నాను.
అది కట్టుకుంటుంటే నాకు రై రొట్టె, ఉప్పుచేప పెట్టింది.

"ఇంతకీ ఏ రాత్రి కావాలి?"
"నెలకి రెండు గుళ్ళు కట్టిన రాత్రి.
జనవరి. ఏ ఏడో తెలీదు.
ఒక్కటే గుడి అంటాడు ఎండెల్. అప్పుడు వాడిదీ అదే షిఫ్టు.
పందెం వేశాను."
ఎంత పందెమో చెప్పలేదు.

సూచిక పూర్తయింది. మళ్ళీ కొట్టాను.
ఈసారి అన్నీ నెలలే, ఆకాశంలోవే,
మూడువేల నూట ఎనిమిది.
ఒక్కటీ తప్పు కాదు. ఒక్కటీ పనికిరాదు.

"ఆ రాత్రి ఇంకేం జరిగింది?
మరే రాత్రీ జరగనిది."
కెటిల్ కూత పెట్టింది. ఆవిడ లేవలేదు.
"తొడుగు పోయింది," అంది చాలాసేపటికి.
"ఎడమచేతిది. గాలి కొలిచే స్తంభం దగ్గర."

కిన్నస్ అని కొట్టాను.
ఒకే ఒక్క వరుస.

"రెండు గంటలు. మైనస్ ఇరవై ఆరు. గాలి ఈశాన్యం.
ఎడమ తొడుగు పోయింది.
గుడి, ఒకటి. స్పష్టం."

నెల అన్న మాటే లేదు అందులో.
నెత్తిమీదున్నదానికి పేరెవరు రాస్తారు!

కళ్ళద్దాలు తీసి తుడిచింది. మళ్ళీ చదివింది.
మూడోసారి చదవలేదు.
"ఎండెల్ రేపు కాఫీకొస్తాడు.
ఆ సూచికేదో, పాత సూచిక, మళ్ళీ పెట్టగలవా?"

బాగుచేస్తే గంటకి పద్దెనిమిది యూరోలు,
పాడుచేసినా అంతే, అన్నాను.
డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టింది.

చెట్లొచ్చాయి. తూటా వచ్చింది.
సంచీ భుజాన వేసుకుని దిగుతూ
రెండో అంతస్తు మలుపులో ఆగాను:
పైన మూడు మీటల చప్పుడు,
ఆ తర్వాత ఒక ముసలి నవ్వు.